పూలు పెట్టుకుని వస్తే జబ్బు లేనట్టేనా?

తంగేడుపువ్వు (సోమవారం రాత్రి 9:40)

నాలుగు రోజులుగా మింగలేక కక్కలేక ఉన్నాను. ఇక్కడ నన్ను ఎవరూ గుర్తుపట్టరు కాబట్టి రాస్తున్నా.

నేను నర్సంపేట వైపు ఒక ప్రభుత్వ బడిలో సోషల్ టీచర్‌ని. పదిహేడేళ్ళ సర్వీసు. ఉండేది హన్మకొండలో, రోజూ బస్సులో పోయి వస్తాను. జూన్ నుంచి ఒంట్లో, మనసులో ఏదీ బాగాలేదు. డాక్టరు డిప్రెషన్ అన్నారు. నెల కింద మందులు మొదలుపెట్టారు, ఇప్పుడు కొన్నాళ్ళు విశ్రాంతి కావాలని సర్టిఫికెట్ రాసిచ్చారు.

అది పట్టుకుని పైఅధికారి దగ్గరికి పోతే, కాగితాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "చూస్తే మీకేం రోగం ఉన్నట్టు లేదు మేడం. గంజి పెట్టిన చీర, తలలో పూలు. డిప్రెషన్ అంటే ఇట్లుంటదా?" అన్నారు. పక్కన కూర్చున్న ఇద్దరు నవ్వారు. ఆ ఇద్దరిలో ఒకామె నా వాట్సాప్ స్టేటస్ తీసి చూపించింది. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర దిగిన ఫొటో. "బతుకమ్మ ఆడేటప్పుడు లేని డిప్రెషన్ బడికి రావాలంటే వచ్చిందా?" అని మళ్ళీ నవ్వారు.

ఆ చీర సంగతి చెప్తాను. నాకు రాత్రి రెండున్నర, మూడింటికి మెలకువ వస్తుంది. వచ్చిందంటే ఇక నిద్ర రాదు. చీకట్లో పడుకుని ఉంటే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. పిల్లలు లేవకూడదని చప్పుడు కాకుండా ముందు గదిలోకి వచ్చి ఇస్త్రీపెట్టె పెడతాను. అంచు దగ్గర మొదలుపెట్టి కొంగుదాకా, మళ్ళీ కొంగు నుంచి వెనక్కి. ఐదున్నర మీటర్లు. అయిపోతే అదే చీర విప్పి మళ్ళీ మొదటి నుంచి. చేతిలో ఏదో ఒక పని లేకపోతే ఆ గంటలు గడవవు. పొద్దున స్టాఫ్‌రూమ్‌లో "మీ చీర మడత చూస్తే ముచ్చటేస్తది టీచర్" అంటారు. ఆ మడత నా జబ్బే.

పూలంటారా, మా అత్తమ్మ పొద్దున్నే కట్టి పెడుతుంది. వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఏం చెప్పాలో తెలియక పెట్టుకుంటాను.

నేను అడిగేది ఒక్కటే. జబ్బు ఉందని నమ్మాలంటే నేను ఎట్లా కనిపించాలి?

ఓరుగల్లు_సరళ (రాత్రి 9:52)

చదువుతుంటే కడుపులో దేవినట్టయింది అక్కా. ఆ నవ్వినోళ్ళకు ఒక్క రాత్రి మీ నిద్ర ఇస్తే తెలిసేది.

మిర్చిబజ్జి_చౌరస్తా (రాత్రి 9:58)

తల దువ్వుకోకుండా పోతే "పిచ్చి పట్టింది, ఈమెకు పిల్లల్ని ఎట్లా అప్పగిస్తం" అంటారు. దువ్వుకుని పోతే "నాటకం" అంటారు. మధ్యలో ఇంకో దారి ఉంటే ఆ సారునే చెప్పమనండి.

కాజీపేట_జంక్షన్ (రాత్రి 10:15)

టీచర్ గారి బాధను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ మాటతీరు తప్పే. కానీ రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా. నా కింద 14 మంది పనిచేస్తారు. రెండేళ్ళ కింద ఒకతను ఇలాంటి సర్టిఫికెట్టే ఇచ్చి ఇరవై రోజులు పోయాడు. ఐదో రోజున గోవా బీచ్ ఫొటోలు వచ్చాయి. అతని డ్యూటీ చేసినవాళ్ళు వచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డారు. విరిగిన చెయ్యి అయితే ఎక్స్‌రే ఉంటుంది. దీనికి ఏముంది? అధికారి దేన్ని చూసి నమ్మాలి?

ఓరుగల్లు_సరళ (రాత్రి 10:19)

నడుంనొప్పికి ఎక్స్‌రే ఎప్పుడు అడిగారన్నా? మైగ్రేన్‌కు? అవి నోటిమాట మీదే నమ్ముతారు కదా.

రిటైర్డ్_సూపరింటెండెంట్ (రాత్రి 10:41)

ముప్పై ఒక్క సంవత్సరాలు సెలవు ఫైళ్ళు చూసినవాణ్ణి, కాజీపేట వారికి జవాబు చెప్తాను. రాష్ట్ర ఉద్యోగికి పూర్తి చేసిన ఏడాదికి 20 రోజుల అర్ధవేతన సెలవు జమ అవుతుంది. మెడికల్ సర్టిఫికెట్ మీద దాన్ని కమ్యుటెడ్ సెలవుగా మార్చుకుంటే పూర్తి జీతం వస్తుంది, ఖాతాలో రెట్టింపు రోజులు తగ్గుతాయి. అంటే ఈమె అడుగుతున్నది దానం కాదు, పదిహేడేళ్ళు పనిచేసి కూడబెట్టుకున్నదే. సర్టిఫికెట్ మీద అనుమానం ఉంటే రెండో డాక్టరు అభిప్రాయానికి పంపవచ్చు. దానికి దారి ఉంది. ముఖం చూసి, చీర చూసి తేల్చే రూలు నేనెక్కడా చదవలేదు.

ఇంకొకటి. జబ్బు పేరు నలుగురి ముందు చదవడం చాలా పెద్ద తప్పు. పేషెంటు వివరాలు గుట్టుగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం డాక్టర్లకే చెప్పింది. ఆ కాగితం మన టేబుల్ మీదికి వచ్చాక మనకు ఆ మర్యాద ఉండొద్దా?

టీచర్ గారూ, దరఖాస్తు నోటితో వద్దు. రాసి, ఇన్వార్డు నంబరు (దరఖాస్తు అందినట్టు ఆఫీసు వేసే నంబరు) వేయించి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. ఆ కాపీ ఉంటే మాటల తీరు మారుతుంది.

సాహితీ_మిత్రుడు (రాత్రి 10:50)

మేడిపండు అని పెద్దలు ఊరికే అన్నారా! పైకి మేలిమి, లోపల వేరే.

పరకాల_పెద్దమ్మ (రాత్రి 11:03)

ఆ సామెత ఇక్కడ వాడకు బాబూ. మేడిపండు అనేది లోపల సరుకు లేక పైన బింకం చూపేవాళ్ళ గురించి. ఈ బిడ్డ లోపల ఉన్నది పురుగు కాదు, పుండు. రెండింటికీ చానా తేడా ఉంది.

సాహితీ_మిత్రుడు (రాత్రి 11:06)

నిజమే పెద్దమ్మా. తొందరపడి రాశాను. టీచర్ గారు మన్నించాలి.

నైట్‌డ్యూటీ_సిస్టర్ (మంగళవారం తెల్లవారుజాము 2:35)

డ్యూటీలో ఉన్నా, ఇప్పుడే చూశాను. మానసిక వార్డులో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న నర్సును.

టీచర్ గారూ, మీరు రాసిన రెండున్నర, మూడింటి మెలకువ మాకు రోజూ వినపడే మాట. నిద్ర పట్టకపోవడం వేరు, పట్టిన నిద్ర తెల్లారకముందే తెగిపోవడం వేరు. ఈ రెండోది డిప్రెషన్‌లో బాగా కనిపిస్తుంది. డాక్టర్లు ముఖం చూసి తేల్చరు. కనీసం రెండు వారాలుగా నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత, ఇష్టమైన పనుల మీద మనసు, తన మీద తనకు అసహ్యం, ఇవన్నీ ఎట్లా ఉన్నాయో అడుగుతారు. ఎక్స్‌రే ఏదని అడిగిన అన్నకు అదే నా జవాబు. అడిగే పద్ధతి ఉంది, అడగడానికి చదువుకున్నవాళ్ళు ఉన్నారు.

థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించారా? అవి తగ్గినా మనిషి ఇలాగే నీరసించిపోవచ్చు. మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు, మధ్యలో మీ అంతట మీరు ఆపొద్దు.

ఒక మాట సూటిగా అడుగుతున్నా, ఏమనుకోకండి. "పోతే బాగుండు, ఈ బతుకు వద్దు" అనే ఆలోచన వస్తోందా?

మిర్చిబజ్జి_చౌరస్తా (ఉదయం 6:20)

సిస్టర్, అందరి ముందు అట్లా అడుగుతారా? లేని ఆలోచన మనమే పుట్టించినట్టు కాదా?

నైట్‌డ్యూటీ_సిస్టర్ (ఉదయం 6:31)

అడిగితే పుట్టదు. అందరూ పడే భయమే ఇది, నాకూ మొదట్లో ఉండేది. మాకు శిక్షణలో మొదట నేర్పించేది కూడా ఇదే: అడుగు, సూటిగా అడుగు. ఆ ఆలోచన లేనివాళ్ళు లేదని చెప్తారు. ఉన్నవాళ్ళలో చాలామంది అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు. అడగకపోతే ఒక్కళ్ళే మోస్తారు.

తంగేడుపువ్వు (ఉదయం 6:48)

బస్టాండ్‌లో ఉన్నా. సిస్టర్, పరీక్షలు చేయించాం, అవి సరిగ్గానే ఉన్నాయి. మీరు అడిగిన ఆలోచన ఆగస్టులో వచ్చేది. భద్రకాళి చెరువు కట్ట మీదుగా నడవడం మానేశాను అందుకే. మా ఆయనకు చెప్పాను, ఆయనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరుకు కూడా దాచలేదు. మందులు మొదలయ్యాక ఆ ఆలోచన రావడం తగ్గింది. ఈ మధ్య రాలేదు.

మీరు అడిగినందుకు నాకు కోపం రాలేదు. ఇన్ని నెలల్లో మా ఆయన, డాక్టరు తప్ప ఎవరూ అడగలేదు.

ఓరుగల్లు_సరళ (ఉదయం 7:05)

అక్కా, చెప్పినందుకు సంతోషం. ఎక్కడి బస్సు ఎక్కినా దిగి ఒక మాట రాయి.

తంగేడుపువ్వు (ఉదయం 8:50)

దిగాను. బడిలో ఉన్నా.

ఏనుమాముల_గుమస్తా (మంగళవారం మధ్యాహ్నం 3:10)

నిన్నటి నుంచి చదువుతున్నా. నాకు యాదికొచ్చింది ఒకటి రాస్తా. మార్కెట్‌లో అడ్తి దగ్గర లెక్కలు రాసే పని నాది. ఒక రైతు ఉండేవాడు, పేరు వద్దు, ములుగు రోడ్డు వైపు ఊరు. ఎప్పుడొచ్చినా తెల్ల ధోవతి, తెల్ల చొక్కా. హమాలీలందరికీ చాయ్ తాగించేవాడు, మేం ఎక్కడ ఉన్నా అతని నవ్వు వినపడేది. ఒక ఏడాది మిర్చి రేటు బాగా పడిపోయింది. తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మిన లెక్క చీటీ, రాసిచ్చా. "మళ్ళొకసారి చదువు తమ్మీ" అన్నాడు. చదివా. దాన్ని సగానికి, మళ్ళీ సగానికి, గోరంత అయ్యేదాకా మడిచి జేబులో పెట్టుకున్నాడు. చాయ్ తాగించాడు, నవ్వించాడు. అంతా మామూలే.

సాయంత్రం మార్కెట్ ఊడ్చి, గేటు వేసే టైమ్‌కు కూడా ఖాళీ బస్తాల మీద కూర్చునే ఉన్నాడు. "పోతలేవా పెద్దాయనా" అంటే, "ఇంటికి పోవాలంటే కాళ్ళు వస్తలేవురా" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే 97-98లో పత్తి పోయినప్పుడు మన వరంగల్ జిల్లాలో ఎంతమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారో మా తరం చూసింది. పక్కన కూర్చున్నా. రాత్రి తొమ్మిదింటికి వాళ్ళ తమ్ముణ్ణి పిలిపించి అతనితో పంపించా. ఆ మనిషి ఇప్పటికీ ఉన్నాడు, మనుమరాలి పెండ్లికి నన్ను పిలిచాడు.

తర్వాత ఒకరోజు అడిగా, అన్ని అప్పులు పెట్టుకుని ఆ తెల్లబట్టలు, ఆ చాయ్‌లు ఎందుకని. ఏమన్నాడంటే, "చిరిగిన చొక్కాతో కనిపిస్తే అప్పులోళ్ళు తెల్లారేసరికి వాకిట్ల ఉంటరు. పంటకు కొత్త అప్పు పుట్టదు. నా చొక్కానే నాకు జమానతు." అప్పటిదాకా నేను అది షోకు అనుకున్నా.

కాజీపేట_జంక్షన్ (మధ్యాహ్నం 3:32)

ఇది చదివాక కాసేపు ఏం రాయాలో తెలియలేదు. నేను అడిగిన ప్రశ్న ఇంకా ఉంది, కానీ గుమస్తా గారి మాట మనసులో ఉండిపోయింది.

పేరు_చెప్పను (మంగళవారం సాయంత్రం 5:45)

చొక్కానే జమానతు అన్న మాట నాకూ వర్తిస్తుంది. మాది కరీంనగర్. నాలుగేళ్ళుగా ఆందోళన తగ్గడానికి మాత్రలు వాడుతున్నా. మా ఇంటికి రెండు వీధుల అవతలే డాక్టరు ఉన్నారు. అయినా హైదరాబాద్ వెళ్ళి చూపించుకుంటా, ఎవరన్నా చూస్తారని. మాత్రలు షీటు నుంచి విడదీసి కాల్షియం డబ్బాలో పోసుకుంటా. మా అత్తగారు "మంచిది, ఎముకలు గట్టిపడతాయి" అంటుంది.

మా చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. అక్కకు మెంటల్ అని ఒక్క మాట బయటికి పొక్కితే చాలు. "నలుగురికీ చెప్పుకో, భారం తగ్గుతుంది" అని అందరూ సులువుగా అంటారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మా అమ్మ ఎందుకంటుందో నాకు ఇప్పుడు తెలుసు. టీచర్ గారి ఆఫీసులో నవ్వింది ఆ ఇద్దరే అనుకోకండి, ఈపాటికి ఊరంతా తెలిసి ఉంటుంది. అందుకే నేను చెప్పను.

నైట్‌డ్యూటీ_సిస్టర్ (సాయంత్రం 6:02)

చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, దాంట్లో నేను వేలు పెట్టను. ఆ డబ్బా గురించి మాత్రం చెప్పాలి. పేరు, గడువు తేదీ లేని మాత్రలు డబ్బాలో ఉంటే ఎవరన్నా నిజంగా కాల్షియం అనుకుని వేసుకుంటారు. ఇంట్లో పిల్లలుంటే మరీ ప్రమాదం. షీటు షీటుగానే ఉంచి, చిన్న పర్సులో పెట్టి, తాళం వేసే చోట పెట్టుకోండి.

పేరు_చెప్పను (సాయంత్రం 6:10)

ఇది నాకు తట్టలేదు. ఇవాళే మారుస్తా.

జగిత్యాల_వాపస్ (మంగళవారం రాత్రి 8:20)

దుబాయ్‌లో ఆరేళ్ళు చేసి 2019లో వచ్చేశాను. మా రూములో పన్నెండు మందిమి, రెండంతస్తుల మంచాలు. అందరికీ కలిపి ఒక నీలం చొక్కా ఉండేది. ఇంటికి ఫొటో పంపాలంటే అదే. నేను తొడుక్కుని దిగాక వాడు, వాడి తర్వాత ఇంకొకడు. వెనకాల కారు మేనేజర్‌ది. ఊళ్ళో మా అవ్వ ఆ ఫొటోకు ఫ్రేము కట్టించింది. నలుగురు పిల్లలు అది చూసి వీసాకు డబ్బు కట్టారంటే నాకు ఇప్పటికీ గుండె పిండినట్టు ఉంటుంది.

వారం వారం ఇమోలో మాట్లాడేవాణ్ణి. "మంచిగున్నా అవ్వా." "నేను సుత మంచిగున్న బిడ్డా." వచ్చాక తెలిసింది, అవ్వ జారిపడి తుంటి ఎముక విరిగి మూడు నెలలు మంచంలో ఉందట. వీడియో పెట్టేటప్పుడు మా వదిన దిండు పెట్టి కూర్చోబెట్టేది, తల దువ్వి బొట్టు పెట్టేది. నేను నా మంచం కనపడకుండా ఫోను పట్టుకుంటే, అవ్వ తన మంచం కనపడకుండా కూర్చునేది. ఇద్దరం ఒకరి కోసం ఒకరం. దీన్ని నాటకం అనడానికి నాకు నోరు రాదు.

ఓరుగల్లు_సరళ (రాత్రి 8:31)

ఆ నీలం చొక్కా ఇప్పుడెక్కడుందన్నా?

జగిత్యాల_వాపస్ (రాత్రి 8:34)

రూములోనే వదిలేసి వచ్చా చెల్లే. కొత్తగా వచ్చినవాడికి కావాలి కదా.

కాలం_మారింది (రాత్రి 9:15)

అందరి మీదా గౌరవంతోనే అంటున్నా. మా కాలంలో ఈ డిప్రెషన్ మాటే లేదు. పొద్దంతా పొలంలో పనిచేస్తే రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్ర పట్టేది. సుఖం ఎక్కువై, ఫోన్లు ఎక్కువై వచ్చిన తిప్పలు ఇవి.

పరకాల_పెద్దమ్మ (రాత్రి 9:50)

డిప్రెషన్ మాట లేదు సరే. రంది లేదా? మనాది లేదా? "రందితోటి చిక్కి సగమైంది" అని మీ ఇంట్ల ఎన్నడూ వినలేదా? "మనాది పెట్టుకుని మంచం పట్టిండు" అని? బుగులు అంటే ఏందో మీ అవ్వనడుగు. మన దిక్కు ఆడోళ్ళకు వీటికి పేర్లు లేకనా! మందే లేకుండె.

మా అత్త సంగతి చెప్తా. కొడుకు పోయినంక ఆమె ఒక్కనాడు ఏడ్వలేదు. గుండె రాయి అన్నరు అందరు. పొద్దుగాల చాటల బియ్యం పోసుకుని కూసునేది. చెరిగేది, ఏరేది, పోసేది, మళ్ళ అవే బియ్యం చాటల పోసుకునేది. మాపటిదాక. ఊరోళ్ళు "ఆమె చెరిగితే మెరిగ గూడ దొరకది" అని పెండ్లిళ్ళకు బియ్యం చెరగనీకి పిలిచేటోళ్ళు. ముప్పై ఏండ్ల తర్వాత నిన్న రాత్రి ఈ టీచరమ్మ చీర సంగతి చదివినంక, మా అత్త ఏం చేసిందో నాకు తెలిసింది. చీకట్ల మంచం మీద కూసుని ఏడ్చిన. పొలం పని చేస్తే పోయేది అయితే మా అత్తకు పోవాలె. ఆమె కంటె ఎక్కువ పని చేసినామె మా వాడల లేదు.

కాలం_మారింది (రాత్రి 10:04)

మా అమ్మ కూడా చివరి రోజుల్లో అరుగు మీద కూర్చుని ఒకే తాడు పేనుతూ ఉండేది. నేను దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఏనుమాముల_గుమస్తా (రాత్రి 10:12)

పెద్దమ్మా, మీ పోస్టు మా ఇంట్లో అందరికీ చదివి వినిపించా.

మిర్చిబజ్జి_చౌరస్తా (రాత్రి 10:20)

ఒక్క చిన్న మాట, గాలి తేలిక కావడానికి. టీచర్ గారి చీర మడత సంగతి మా గల్లీ ఇస్త్రీ బండి తాతకు చెప్తే, "మూడింటికి ఒక్కతే చేసుడెందుకు, నేను నాలుగింటికే లేస్తా, ఇటు పంపమను, ముచ్చట పెట్టుకుంట చేద్దాం" అన్నాడు.

తంగేడుపువ్వు (రాత్రి 10:26)

చాలా రోజులకు నవ్వొచ్చింది. తాతకు నా దండాలు.

గ్రూప్స్_నాలుగోసారి (బుధవారం రాత్రి 1:15)

రాయాలా వద్దా అని రెండు రోజులుగా అనుకుంటున్నా. నేను హన్మకొండలో రూము తీసుకుని చదువుతున్నా, నాలుగో ఏడు. ఇంటి దగ్గర అమ్మ అందరికీ "మా వాడు ఆఫీసర్ అయితడు" అని చెప్పింది. దసరాకు కొత్త చొక్కా వేసుకుని పోయా, జమ్మి ఆకు పెట్టి పెద్దల కాళ్ళు మొక్కా, ఈసారి పక్కా అన్నా. లైబ్రరీలో పొద్దున ఎనిమిదింటికి కూర్చుంటే రాత్రి దాకా కదలను. పక్కన కూర్చునేవాళ్ళు "నీ లెక్క చదివేటోడు లేడన్నా" అంటారు. పదకొండు రోజులుగా ఒకే పేజీ తెరిచి ఉంది. లైను మీద వేలు పెట్టి చదువుతా, చివరికి వచ్చేసరికి మొదలు ఏముందో గుర్తుండదు. టీచర్ గారి చీర, పెద్దమ్మ వాళ్ళత్త చాట చదివాక, ఇది బద్ధకం కాదేమో అని మొదటిసారి అనిపించింది.

ఎవరికీ చెప్పలేదు. ఇదే మొదలు.

తంగేడుపువ్వు (రాత్రి 2:50)

మెలకువ వచ్చి చూశాను. ఏ పేజీ తమ్ముడూ? ఏ సబ్జెక్టు?

గ్రూప్స్_నాలుగోసారి (రాత్రి 2:53)

తెలంగాణ చరిత్ర. కాకతీయుల చెరువులు.

తంగేడుపువ్వు (రాత్రి 3:01)

అది నేను పిల్లలకు చెప్పే పాఠమే. పుస్తకం మూసేయి, నేను చెప్తా. రామప్ప, పాఖాల, లక్నవరం చూశావా ఎప్పుడన్నా? గుట్టల మధ్య వాగుకు అడ్డంగా కట్ట పోస్తే చాలు, మిగతా మూడు వైపులా గుట్టలే గోడలు. ఎంత నీళ్ళు ఆపాలో ఎంత ముఖ్యమో, ఎక్కువైతే ఎటు పోవాలన్నదీ అంతే ముఖ్యం. అందుకే పొలాలకు నీళ్ళు వదిలే తూము, అందుకే నిండితే ఎక్కువ నీళ్ళు దూకిపోయే మత్తడి. మత్తడి దూకుతోందంటే ఊళ్ళో పండగ కదా. అది చెరువు చేతకానితనం అని ఎవరన్నా అంటారా? నువ్వు ఈ రాత్రి ఇక్కడ రాసింది అదే అనుకో.

గ్రూప్స్_నాలుగోసారి (రాత్రి 3:04)

లక్నవరం చూశానక్కా. వేలాడే వంతెన మీద ఫొటో కూడా దిగా.

నైట్‌డ్యూటీ_సిస్టర్ (రాత్రి 3:20)

తమ్ముడూ, టీచర్ గారిని అడిగినదే నిన్నూ అడుగుతున్నా. బతకాలని లేదు అనే ఆలోచన ఉందా? ఉన్నా లేకపోయినా 14416కు ఫోన్ చెయ్. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రి పగలు ఎప్పుడైనా ఎత్తుతారు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పుడే చెయ్యొచ్చు.

గ్రూప్స్_నాలుగోసారి (రాత్రి 3:26)

అప్పుడప్పుడు వస్తుంది సిస్టర్. ఇప్పుడు లేదు. చేస్తా.

గ్రూప్స్_నాలుగోసారి (రాత్రి 4:05)

చేశా. ఒక మేడం మాట్లాడారు. ఎక్కువ ఆమె వినడమే. నిద్ర, తిండి గురించి అడిగారు, పక్కన ఎవరున్నారని అడిగారు. పొద్దున రూమ్మేట్‌కు చెప్పి, వాడితో కలిసి ఆస్పత్రికి పొమ్మన్నారు. వాడు ఏమనుకుంటాడో.

జగిత్యాల_వాపస్ (ఉదయం 5:40)

ఏమనుకున్నా చెప్పు తమ్మీ. పన్నెండు మంది ఒకే రూములో ఆరేళ్ళు ఉన్నాం, ప్రతి ఒక్కడూ దుప్పటి కప్పుకుని ఏడ్చేవాడు, పక్కోడు మంచిగున్నడు అనుకునేవాడు. అందరం ఏడ్చేవాళ్ళమని వాపస్ వచ్చాక పెండ్లిలో కలిసినప్పుడు తెలిసింది.

నైట్‌డ్యూటీ_సిస్టర్ (ఉదయం 6:15)

2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 12 రాష్ట్రాల్లో పెద్ద సర్వే చేశారు. మన రాష్ట్రం అందులో లేదు. పెద్దవాళ్ళలో నూటికి దాదాపు పది మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. డిప్రెషన్, ఆందోళన లాంటివి ఉన్నవాళ్ళలో నూటికి ఎనభై మందికి పైగా వైద్యమే అందలేదు. జగిత్యాల అన్న దుప్పటి మాట చదివితే ఆ ఎనభై మంది ఎక్కడున్నారో నాకు తెలిసినట్టయింది. డ్యూటీ దిగుతున్నా.

కాజీపేట_జంక్షన్ (బుధవారం ఉదయం 10:30)

నాలో నేను వాదించుకున్నాక రాస్తున్నా. మోసం చేసేవాళ్ళు ఉంటారు, నేను చూశాను, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ ఆ గోవా మనిషి గురించి కూడా నాకు ఇప్పుడు ఖాయంగా తెలియదు. బీచ్‌లో నిలబడి నవ్వాడు, అంతే నేను చూసింది. తిరిగొచ్చాక ఎట్లా ఉన్నావని నేను అడగలేదు. ఏడు నెలలకు ఉద్యోగం మానేశాడు. నంబరు నా దగ్గర ఉంది.

రిటైర్డ్_సూపరింటెండెంట్ (ఉదయం 11:05)

చేయండి కాజీపేట గారూ. సంజాయిషీ ఏమీ వద్దు, ఊరికే పలకరించండి.

ఓరుగల్లు_సరళ (బుధవారం మధ్యాహ్నం 2:15)

గ్రూప్స్ తమ్ముడూ, ఏమైంది?

గ్రూప్స్_నాలుగోసారి (మధ్యాహ్నం 2:40)

ఓపీ లైన్లో ఉన్నాం అక్కా. రూమ్మేట్ వచ్చాడు. చెప్తే వాడు ఏమన్నాడంటే, "నాకూ అట్లనే ఉంటుందిరా, నువ్వు గట్టిగా చదువుతున్నావని నీకు చెప్పలే."

పరకాల_పెద్దమ్మ (మధ్యాహ్నం 2:58)

ఇద్దరు ఏమన్నా తిన్నారా బిడ్డా?

గ్రూప్స్_నాలుగోసారి (మధ్యాహ్నం 3:00)

ఇడ్లీ తిన్నాం పెద్దమ్మా.

తంగేడుపువ్వు (గురువారం రాత్రి 9:10)

సూపరింటెండెంట్ గారు చెప్పినట్టే నిన్న దరఖాస్తు రాసి, నంబరు వేయించి ఇచ్చాను. ఇవాళ సెలవు మంజూరైంది, సోమవారం నుంచి. ఆ సారు ఏమీ అనలేదు, నా వైపు చూడలేదు కూడా. స్టేటస్ చూపించినామె మాత్రం బస్టాండ్ దాకా వెనకాలే వచ్చింది. "మా అక్కకు కూడా ఇదే ఉండె టీచర్, మేం గుర్తుపట్టలే" అని, ఇంకేదో అనబోయి ఆగిపోయింది. బస్సు వచ్చింది, ఎక్కేశాను. ఆమె మీద కోపం పోయిందో లేదో నాకే తెలియదు.

మా అత్తమ్మకు పొద్దున చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత కట్టిన పూలు తీసుకెళ్ళి దేవుడి దగ్గర పెట్టి, "నీకు ఎప్పుడు పెట్టుకోవాలనిపిస్తే అప్పుడే అడుగు" అంది.

నిన్న రాత్రి కూడా మూడింటికి మెలకువ వచ్చింది. ఇస్త్రీపెట్టె తీయలేదు. నిద్ర రాలేదు, కానీ తెల్లారేదాకా పడుకునే ఉన్నాను. మా ఆయన లేచి పక్కన కూర్చున్నారు. ఇవాళ బడికి నలిగిన చీరతోనే పోయాను.

ఓరుగల్లు_సరళ (రాత్రి 9:14)

ఎవరన్నా ఏమన్నా అన్నారా అక్కా?

తంగేడుపువ్వు (రాత్రి 9:17)

ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి అడిగింది. "టీచర్, ఇవాళ ఒంట్లో బాగాలేదా?" అని. బాగాలేదు తల్లీ అన్నాను.

నైట్‌డ్యూటీ_సిస్టర్ (రాత్రి 9:25)

మాత్ర వేసుకున్నారా?

తంగేడుపువ్వు (రాత్రి 9:26)

ఇప్పుడే వేసుకుంటున్నా.